కారు, మనిషి, మధ్యలో బర్రె

ఆ రోజుల్లో మా ఆత్మకూరులో అనుమానాన్ని ఎవరూ తప్పుగా చూసేవాళ్లు కాదు. బల్బు కొంటే షాపులోనే వెలిగించి చూపించాలి, గొడుగు కొంటే తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూపించాలి. కొనేవాళ్లే అట్లా ఉంటే అమ్మే మా బావ ఇంకెట్లా ఉండాలి? పౌడరు డబ్బాను సీలు తియ్యకుండా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నిండుగా ఉందో లేదో చెప్పేవాడు. (చెప్పింది నిజమో కాదో తేల్చుకునే ధైర్యం మాకెవరికీ లేదు.) ఉదయగిరిలో ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా నాయన తెచ్చి బావ ఫ్యాన్సీ షాపులో పడేసి, అనుమసముద్రంపేట దర్గా గంధం పండగ దాకా చూడమన్నాడు. పనికొస్తానని బావ అంటే షాపులో ఉంటాను, అనకపోతే తిరిగిపోయి శనక్కాయ చేలో కలుపు తీస్తాను. ఎండన్నా చేనన్నా నాకున్న భయం నాయనకు బాగా తెలుసు. అందుకే ఆ మాట నలుగురిలో చెప్పాడు.

షాపులోకొచ్చే ప్రతి బొమ్మకూ బావ పరీక్ష పెట్టేవాడు. కౌంటరు మీంచి కింద పడెయ్యడం, తడి వేలితో రంగు రుద్దడం, చక్రాలు పట్టుకుని లాగడం. అన్నీ తట్టుకున్నది అద్దాల బీరువాలోకి ఎక్కేది, తట్టుకోనిది వచ్చిన దారే పట్టేది. అట్లాంటి మనిషి, తనకు జ్వరమొచ్చి లేవలేక, గంధం పండగలో అమ్మే సరుకు కోసం మొదటిసారి నన్ను ఒంటరిగా మద్రాసు పంపాడు. చెప్పినవన్నీ తెచ్చాను. చెప్పనిది కూడా ఒకటి తెచ్చాను. అప్పుడప్పుడే దిగుతున్న కొత్తరకం బొమ్మ అది. చూడ్డానికి ఎర్రకారు. తలుపులు పక్కకి లాగి, వెనక భాగం కిందికి విప్పి, ముందు భాగం పైకి మడిస్తే, బానెట్ కిందనుంచి తల బయటికొచ్చి రోబో మనిషై నిలబడేది. టోకు షాపాయన చేసి చూపించినప్పుడు నాకు నోరు తెరుచుకుపోయింది. మూసుకునేలోపల ఒక అట్టపెట్టె నిండా కట్టించేశాడు.

బావ దాన్ని కింద పడేశాడు, రుద్దాడు, లాగాడు. దానికేమీ కాలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. చక్రాలు భుజాల మీద ఎందుకున్నాయి, తల ఇంజను ఉండాల్సిన చోట ఎందుకుంది, మరి ఇంజను ఎక్కడ పోయింది అని వరసగా అడిగాడు. నేను మార్చి చూపించినా నమ్మక, తనే మార్చబోయి సగంలో ఇరుక్కుపోయాడు. ఇప్పుడది కారూ కాదు, మనిషీ కాదు. తలుపులు రెండూ పైకి లేచి, వంగి నాలుగు కాళ్ల మీద నిలబడింది.

"ఒరే, కారు నడపాలంటే పిల్లోడు చాలు. దీన్ని మార్చాలంటే ఇంటర్ పాసైనోడు కావాల," అన్నాడు బావ. (పాసైనోడు అన్న చోట కొంచెం ఒత్తి పలికాడు.) "ఇది ఆడుకునే వస్తువా, అవస్థపడే వస్తువా? గంధం అయినాక మామకు నేనేం చెప్పాలో నువ్వే చెప్పు."

శనక్కాయ చేను గుర్తొచ్చింది. ఎండలో నా నెత్తి మీద తువాలు నాకే కనబడింది.

చివరి పరీక్షను బావ తన కూతురు బుజ్జికి అప్పగించాడు, విరగ్గొడుతుందన్న గట్టి నమ్మకంతో. దానికప్పుడు ఐదేళ్లు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ బొమ్మను తీసుకెళ్లి దాని చేతికిచ్చి, ఇద్దరం వసారాలో కూర్చున్నాం. బుజ్జి కారును కాసేపు తోసి వదిలేసింది. మనిషిని చేసిచ్చాను. ఆ మనిషి వెల్లకిలా పడిపోయాడు. (మడమల్లో చక్రాలున్నవాడు గతుకుల నేల మీద ఎట్లా నిలబడతాడు?) బావ నా వైపు చూశాడు. తర్వాత బుజ్జి తనే తిప్పుతూ తిప్పుతూ, తండ్రి ఇరుక్కున్నచోటే ఇరుక్కుపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. అది మాత్రం లేచి పెరట్లోకి వెళ్లి, గుప్పెడు గడ్డి పీక్కొచ్చి బొమ్మ ముందు వేసింది.

"ఏందమ్మా అది?" అన్నాడు బావ.

"బర్రె, నాయనా. కొమ్ములుండాయి చూడు. పాలిస్తాది."

ఆ బర్రె మేసింది, నీళ్లు పోయించుకుంది, పాలు పితికించుకుంది. అక్క ఎంత పిలిచినా బుజ్జి అన్నానికి రాలేదు. బావ బొమ్మనీ కూతుర్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఎవరి మీద అనుమానపడాలో ఆయనకు తేలినట్టు లేదు. ఆ పూట షాపు తెరవడం కూడా ఆలస్యమైంది.

గంధానికి పేటలో అంగడి వేసినప్పుడు కేక వేసింది ఆయనే. కారు, మనిషి, బర్రె, ఒక్క బొమ్మలో మూడు. జనం అలవాటు ప్రకారం అన్నీ చేసి చూపించమన్నారు, నేను వేళ్లు నొప్పి పుట్టేదాకా చేసి చూపించాను. ఒకాయన కారునీ మనిషినీ పక్కపక్కన పెడితేగానీ నమ్మనన్నాడు. ఇంకొకాయన మనిషిగా మారాక కారు ఎక్కడ దాచానో చూడ్డానికి బల్ల కిందికి వంగాడు. అయినా సరుకు కదిలింది. అంతా బాగుందనుకుంటుండగా, మర్రిపాడు లారీ డ్రైవరొకాయన కొన్న బొమ్మను తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కారొస్తా ఉండాది, మనిషొస్తా ఉండాడు. బర్రె రావడంలా అన్నా. మావోడు బర్రె కోసమే ఏడుస్తా ఉండాడు."

మోసమేమోనని చుట్టూ జనం చేరారు. బావ బొమ్మను అందుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కావాలని చేస్తే ఆయనకు బర్రె రాలేదు. చెమట తుడుచుకుని, బొమ్మను నా వైపు తోశాడు.

"వాణ్ణడుగు. అది వాడికే తెలుసు," అన్నాడు.

ఇంటర్ సర్టిఫికెట్టు నాకు ఎన్నడూ రాలేదుగానీ, ఆ మాట విన్న రోజు ఆ లోటు తీరిపోయింది. బర్రెను చేసి, ఎట్లా చేయాలో డ్రైవరు చేతే చేయించి పంపాను.

గంధం అయ్యాక నాయన ఉదయగిరి నుంచి వచ్చి, వీడు పనికొస్తాడా రాడా తేల్చమన్నాడు. బావ చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడే ఏం చెప్పలేను మామా. ఇంకో ఏడాది చూస్తా."

నాయన నిట్టూర్చాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఏడాది అయ్యాక ఇంకో ఏడాది చూశాడు. చూస్తూ చూస్తూనే నా పెళ్లి చేశాడు, చూస్తూనే ముసలివాడై షాపు నాకప్పగించాడు. అప్పగించిన రోజు సాయంత్రం నేను షట్టరు దించి తాళం వేశాక, నాలుగడుగులు నడిచినవాడు వెనక్కొచ్చి తాళాన్ని లాగి చూశాడు. మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లయినా నమ్మలేదా అనిపించింది. ఇప్పుడు బావ లేడు. తాళం వేసేది మా అబ్బాయి, వెనక్కొచ్చి లాగి చూసేది నేను. వాడి మొహం చిన్నబోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది. నీ మీద నమ్మకం లేక కాదురా అని చెబుదామనుకుంటాను. నాకెవరూ చెప్పలేదు కాబట్టి ఎట్లా చెప్పాలో తెలియక, నవ్వి ఊరుకుంటాను.