అరుగుదలా, నొక్కుడా

బిలాస్‌పూర్ స్టేషన్ బుకింగ్ కౌంటర్లో కూర్చునే భానుప్రియకి ఒక అలవాటుంది. చిల్లర చేతిలో పడగానే బొటనవేలితో అంచు తడిమి చూస్తుంది. ముద్ర పక్కకి జరిగిందా, అంచు కొరికినట్టుందా, ఒకే గీత రెండుసార్లు పడిందా అని. టంకశాలలో పొరపాటు జరిగిన నాణెం ఆమె వేళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ విద్య నేర్పినవాడు వేణుగోపాల్.

ఆయన పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. భాను తండ్రి సింహాచలానిదీ ఆయనదీ శ్రీకాకుళం పక్కన ఒకటే ఊరు. సింహాచలం రైల్వే సర్వీసులో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం కూతురికి వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. అందుకే భాను ఆయన్ని నోరారా బాబాయ్ అని పిలిచేది. ఆదివారం వచ్చిందంటే ఆయన క్వార్టర్ వరండాలో పంచె పరిచి, దానిమీద పాత నాణేలు గుమ్మరించి, భూతద్దం ఆమె చేతికిచ్చేవాడు.

"తొందరపడిపోకమ్మా. నాణెం చేతులు మారీ మారీ అరుగుతాది. ఎత్తుగా ఉన్నకాడ ముందు అరుగుతాది, నున్నగా. జనం అది సూసి తప్పుముద్ర అనీసుకుంటారు. అది మన చేతుల పని, టంకశాల తప్పు కాదు" అనేవాడు.

ఆరేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, పెండ్రా వెళ్ళే ముసలామె టిక్కెట్టుకని గుప్పెడు చిల్లర పోసింది. అందులో ఒక పాత రూపాయి. ఒకవైపు మామూలుగానే సింహాలు. తిప్పితే మళ్ళీ సింహాలే, కానీ లోపలికి దిగి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ముందు కొట్టిన నాణెం అచ్చుకి అంటుకుని రాలకపోతే, తరవాత బిళ్ళ మీద ఇలా పడుతుందని బాబాయ్ చెప్పగా వినడమే, ఎన్నడూ చూడలేదు. సింహాల పక్కన చిన్న గుంట కూడా ఉంది. ఎవరో మెళ్ళో కట్టుకోడానికి బెజ్జం పెట్టబోయి మానేసినట్టున్నారు. భాను తన రూపాయి గల్లాలో వేసి, ఆ నాణెం తీసుకుంది. డ్యూటీ దిగగానే పరుగులాంటి నడకతో క్వార్టర్‌కి వెళ్ళింది.

వేణుగోపాల్ చాలాసేపు చూశాడు. రెండువైపులా తిప్పి, అంచు తడిమాడు. తరవాత భూతద్దం కింద పెట్టేశాడు.

"నకిలీదమ్మా. ఏ షెడ్డులోనో ఎవడో రెండు నాణేలు వైసులో బిగించి నొక్కీసాడు. ఈ పక్క సింహాల మొహాలు సూడు, చదునైపోనాయి. నొక్కుడు దెబ్బ."

"అరుగుదల కాదేటి బాబాయ్?"

"కాదు. ఇక్కడే ఉండనీ. నకిలీ ఇలాగుంటాదని కొత్తవాళ్ళకి సూపిస్తాను."

భాను తన తొందరకి తనే నవ్వుకుని, నాణెం అక్కడే వదిలి వచ్చేసింది.

పాఠం మాత్రం వదల్లేదు. రాజ్‌కిశోర్ నగర్‌లో ఉండే రిటైర్డు డ్రైవర్ శంకరరావు ఒకసారి అలాంటి నాణెమే తెచ్చి చూపిస్తే, చదునైన మొహాలకేసి వేలు పెట్టి "వైసు పని మాస్టారూ" అని ఖాయంగా చెప్పింది. ఆయన సరేనని దాన్ని రతన్‌పూర్ అమ్మవారి హుండీలో వేసేశాడు.

పోయిన చలికాలం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నాణేల ప్రదర్శన పెట్టారు. వేణుగోపాల్ బల్ల చుట్టూ అందరికన్నా ఎక్కువమంది మూగి ఉన్నారు. భాను వెనకనించి తొంగి చూసింది. నల్ల ముఖమల్ గుడ్డ మీద ఒకే ఒక్క రూపాయి. సింహాల పక్కన గుంట.

ఇది అసలుదేనని ఎలా తెలుసని కాలేజీ పిల్ల ఒకతె అడుగుతోంది. "అంకుల్, యే అసలీ హై, కైసే పతా?"

ఆయన హాయిగా, హిందీలో విడమరిచి చెప్పాడు. నొక్కి చేసినదైతే అడుగున రూపాయి అంకె ఆనవాలు మిగులుతుంది, ఇక్కడ లేదు. అంచు పక్కకి పొంగుతుంది, పొంగలేదు. మరి సింహాల మొహాలు చదునుగా ఉన్నాయేమంటే, అది వట్టి అరుగుదల, నలుగురి చేతుల్లో తిరిగిన గుర్తు. తన సర్వీసు మొత్తంలో తనకి దొరికినది ఇదొక్కటే.

చెబుతూ చెబుతూ భానుని చూశాడు. గొంతు తొణకలేదు. చెప్పడం పూర్తిచేశాడు.

జనం పక్క బల్లకి జరిగాక భాను దగ్గరికెళ్ళింది.

"ఆ రోజు నేనడిగింది ఇదే కదా."

"నీకు దాని ఇలువ తెల్దమ్మా. ఎవరికో ఇచ్చీసేదానివి."

"మీకే కదా ఇచ్చాను."

ఆయన అటూ ఇటూ చూసి, గాజుమూత ఎత్తి నాణెం ఆమె ముందు పెట్టాడు. వద్దంటుందని అనుకున్నాడేమో. భాను తీసుకుంది. తీసుకుంటే సంతోషం కలుగుతుందేమోనని చూసింది. కలగలేదు. బయట ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. నాణెం పోతే పోయింది. అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేసేది. తనకి కళ్ళిచ్చిన మనిషే ఆ కళ్ళని తప్పుదారి పట్టించాడు. ఆరేళ్ళుగా ఎన్ని నిజమైన నాణేల్ని తను అబద్ధమని తోసేసిందో!

ఆటోని అటునించటే రాజ్‌కిశోర్ నగర్ పోనిమ్మంది. శంకరరావుకి తను తప్పు చెప్పానని ఒప్పుకుంది.

"పోనీద్దూ, అమ్మవారికేగా చేరింది" అన్నాడాయన, టీ తాగి వెళ్ళమన్నాడు. ఆ మంచితనం ఆమెకి ఇంకా బరువనిపించింది.

మొన్న వేసవిలో వేణుగోపాల్‌కి మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి భాను ఆసుపత్రికి పళ్ళు పట్టుకెళ్ళింది.

"ఇంకా కోపమేనేటి?" అన్నాడు మంచం మీంచి.

"కోపం కాదు. మీరు చెప్పినవన్నీ మళ్ళీ మొదట్నించీ సూసుకోవాల్సొస్తంది."

ఆయన గోడవైపు తిరిగాడు. భాను నాన్న ఆఖరి గడియలో పక్కనున్నది వేణుగోపాల్ ఒక్కడే. 'భానుకి భయం లేదు, అది నెగ్గుకొస్తాది' అని నాన్న అన్నాడని ఆయనే వచ్చి చెప్పాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ బతికింది. అది నిజంగా నాన్న అన్నదేనా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయింది. పళ్ళ సంచి బల్లమీద పెట్టి, నర్సు వచ్చేదాకా కూర్చుని, లేచి వచ్చేసింది.