ఆరు డిగ్రీల ప్రసాదం

1981 జూన్ 15, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు నా నడుముకున్న ఫ్రిజ్ తాళం తీసి అటెండరు చేతిలో పెట్టాను. పదకొండేళ్ళ నర్సు ఉద్యోగంలో మందుల తాళం ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు. ఆఖరు కూడా అదే.

విశాఖ రేవు పక్కన, ఆరేసిన బట్టల మీద ఇనప ఖనిజం ఎర్రదుమ్ము పడే పేటలో ఆ రోజు మా పిల్లల ఆసుపత్రి ప్రారంభం. రెండు గదులు, ఒక వరండా, ఒక ఫ్రిజ్. ఫ్రిజ్‌లో పోలియో చుక్కల మందు: పన్నెండు సీసాలు, సీసాకు ఇరవై మోతాదులు, మొత్తం రెండు వందల నలభై. ఏడున్నరకు ఐసు ఫ్లాస్కులో వస్తే నేనే లెక్కపెట్టి లోపల సర్దాను. ఆ మందు ఎండ తగిలితే చచ్చిపోతుంది. చచ్చిన మందు చూడ్డానికి బతికున్న మందులాగే ఉంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఆ ఆవరణలో ఇద్దరం, నేనూ మా పెద్ద డాక్టరూ.

వరండాలో అప్పటికే నలభై ఆరుగురు పిల్లలు. ఎనిమిదింటికే వేసి పంపేస్తానంటే డాక్టరు ఒప్పుకోలేదు.

“రిబ్బను కత్తిరించకుండా చుక్కలేమిటమ్మా? శాస్త్రం అంటూ ఒకటుందిగా!”

ఆయన చదివింది వైద్యశాస్త్రమని అంతవరకు నా నమ్మకం.

సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అందుకని తొమ్మిదీ పదికి ముహూర్తం పెట్టారు. ముఖ్య అతిథి రాలేదు. ముహూర్తం దాటకూడదని పూజ మాత్రం మొదలుపెట్టేశారు. గోడకు పసుపు, గుమ్మానికి మామిడాకులు, బరువు తూచే యంత్రానికి కుంకుమ. ఫ్రిజ్‌కు లోపల కూడా హారతి చూపించాలట, తాళం కావాలన్నాడు అటెండరు. నేను కదల్లేదు.

“ఇచ్చి ఇలా రండమ్మా, జ్యోతి పక్కన నిలబడండి. తెల్లచీర ఫొటోలో బాగుంటుంది,” అన్నాడు డాక్టరు.

ఇచ్చాను. వెళ్ళి నిలబడ్డాను. అందరితో పాటు కళ్ళు మూసుకున్నాను. ఎవరిని తిట్టినా ఈ మాట దాచను.

అతిథి కారు పదీ నలభైకి వచ్చింది. పదిన్నరకే యమగండం మొదలైంది, పన్నెండు దాకా పోదు. సర్కారు కారులో వచ్చిన మనిషి సర్కారు కట్టిన గదిలో అడుగుపెట్టడానికి యముడికి భయపడి, షామియానా కింద కుర్చీ వేయించుకున్నాడు. గంటా ఇరవై నిమిషాలు ఎలాగైనా గడపాలి. అందుకు సర్వమత ప్రార్థన పనికొచ్చింది. ప్రభుత్వానికి మతం లేదంటే ఒక్కో మతానికి ఇరవై నిమిషాలని అర్థమట. పురోహితుడు పైన ఇంకో అయిదు లాగాడు. పాస్టరుగారు అతిథి మనవల దాకా అందరినీ దీవించి లెక్క సరిచేశాడు. మౌల్వీ మాత్రం నాలుగు నిమిషాల్లో ముగించి కూర్చున్నాడు.

డాక్టరు కంగారుపడి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “ఇంకాస్త చదవండి మౌల్వీ సాబ్, మీకు తక్కువ చేశామంటారు.”

“దేవుడికి సరిపోయింది డాక్టర్ సాబ్. మీకెంత కావాలో చెప్పండి,” అన్నాడాయన.

నా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. విశాఖ పాత టౌనులో గాజుల కొట్టు పెట్టుకున్న ముసలమ్మ, చంకలో అయిదు నెలల మనవరాలు. కాన్పుకు వచ్చిన కూతురి బిడ్డ. ఆ పాపకు మొదటి రెండు మోతాదులూ ఈ ఆసుపత్రి రాకముందే ఇంటికెళ్ళి నేనే వేశాను. మూడోది పడితే పూర్తవుతుంది.

“బేటీ, చుక్కలు వెయ్యడానికి ఇంకా ఎంతమంది దేవుళ్ళు రావాలి?” అంది. “మావాడు పొద్దున్నే వచ్చి వెళ్ళాడు. నేను నమాజు చేసుకునే బయల్దేరాను.”

పన్నెండూ అయిదుకు రిబ్బను తెగింది. పరిగెత్తి ఫ్రిజ్ తలుపు తీశాను. పై అరలో పులిహోర బేసిన్, కింది అరలో లడ్డూలు, పంచామృతం చెంబు. సింహాచలం నుంచి వచ్చిన ప్రసాదం. థర్మామీటరు మందుకు కావలసిన ఆరు డిగ్రీలే చూపిస్తోంది. సీసాల అట్టపెట్టె కిటికీ గట్టు మీద ఎండలో ఉంది. ఒక సీసా తీసి పట్టుకుంటే కాఫీ గ్లాసులా వెచ్చగా తగిలింది.

“ఇదెవరు చేశారు?”

అటెండరు తడుముకోకుండా చెప్పాడు. “నానేనమ్మా. పెసాదం కింద ఎట్టకూడదు గదా! మందుల పక్కనెడితే మైల. అందుకే మందులు తీసీసి లోపలెట్టినాను. అయినా ఏటైందమ్మా, మూతలు తియ్యనేదు గదా?”

అతన్ని ఏమనను? తెలియనివాడు తనకు తెలిసిన మర్యాద చేశాడు. తెలిసినవాడు నా పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

“వేసెయ్యండమ్మా, అతిథిగారు చూస్తున్నారు. ఎవరికి తెలుస్తుంది?”

“తెలియకపోవడమేనండీ ముప్పు. వేయించుకున్నామనుకుని మళ్ళీ రారు.”

అట్టపెట్టె మూసి పక్కన పెట్టాను. ఆయన ఖాళీ డ్రాపరు తీసుకుని దగ్గర్లో ఉన్న బిడ్డ నోటి మీద పట్టుకున్నాడు. అది గాజులమ్మ మనవరాలే. పాప పిట్టపిల్లలా నోరు తెరిచింది. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు.

“అయిందా బేటీ? వెళ్ళనా?” అంది ముసలమ్మ.

“లేదమ్మా, పడలేదు. వచ్చే సోమవారం తీసుకురండి.”

“సోమవారానికి బిడ్డ ఎక్కడుంటుంది? ఎల్లుండి బుధవారం వాళ్ళు బరంపురం వెళ్ళిపోతున్నారు.” పాపను ఇంకో చంకకు మార్చుకుంది. “ఇంత ప్రార్థన చేశారు, ఒక్క చుక్క మిగల్లేదా?”

కార్డు మీద తల్లికి చూపించమని రాసిచ్చాను: మూడో మోతాదు బాకీ, అక్కడ తప్పక వేయించాలి. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది. గేటు దగ్గర ఆమె చేతిలో కూడా ఎవరో విస్తరాకులో పులిహోర పెట్టారు. చల్లగా ఉందని పాప బుగ్గకు ఆనించింది.

గురువారం నాకు మెమో వచ్చింది, అతిథి సమక్షంలో అమర్యాదగా ప్రవర్తించినందుకు. జవాబుగా కింది లెక్క రాసి పంపాను. దానికి తిరుగు జవాబు రాలేదు. ఆఖరి రెండు వరుసలు తర్వాతి సోమవారం రిజిస్టరు చూసి నా ప్రతిలో చేర్చుకున్నవి.

మందు ఎండలో ఉన్నది: రెండు గంటల యాభై అయిదు నిమిషాలు.
పారబోసినవి: పన్నెండు సీసాలు, రెండు వందల నలభై మోతాదులు.
ఉత్త చేతులతో తిరిగి వెళ్ళిన పిల్లలు: నలభై ఆరు.
మరుసటి సోమవారం వచ్చినవాళ్ళు: ఇరవై తొమ్మిది.
రానివాళ్ళు: పదిహేడు. అందులో మూడో మోతాదు ఒక్కటే మిగిలినవాళ్ళు ఆరుగురు, బరంపురం వెళ్ళిన పాపతో కలిపి.