అమీన్ సాబ్ తీసుకపోయిన నవల

నిజాం రాజ్యం ఇంకో రెండేండ్లు నడుస్తదనంగ, సిద్దిపేట సర్కారు బడిల నేను లెక్కల పంతులును. ఆ ఏడు హైదరాబాదుల ఒక పాత పుస్తకాల దుకాణంల ఇంగ్లీషు నవల ఒకటి కొన్న. రాసినాయన అమెరికా హాస్య రచయిత, పోయి చాన ఏండ్లయింది. రాజులు, దొరలు తమ గొప్పను తామే ఎట్ల నమ్ముకుంటరో చూపి నవ్వించే కథ.

నేత పని చేసే ఒక పెద్దాయన తన ఇంటి ముందర అర్రను చదువుకునే జాగగా ఇచ్చిండు. మగ్గాలు ఆగినంక పది మంది దాక కూసునేటోళ్లు. నేను తెలుగు పత్రిక చదివి వినిపించేటోన్ని. ఒకనాడు పత్రిక రాలేదు. ఆ నవలను తెలుగుల చెప్పుడు మొదలువెట్టిన.

ముందుగాల రచయిత బతుకు చెప్పిన. చిన్నప్పుడే తండ్రి పోతే అచ్చుపనికి పోయిండని, నది మీద పడవలు నడిపిండని, పేరొచ్చినంక ఉన్నదంత పోగొట్టుకొని దేశాలు తిరుగుకుంట ఉపన్యాసాలిచ్చిండని, భార్య, ఇద్దరు ఆడబిడ్డలు ఆయన బతికుండంగనే పోయిన్రని.

"ఇన్ని పడ్డోడు నవ్వుల కథ ఎట్ల రాసిండు పంతులూ?" అన్నడు పెద్దాయన.

వారం దినాలు సాగింది. విన్నోళ్లకు ఆ రాజులో మా దిక్కు దొరలు కనపడేటోళ్లు. నేనేం కలుపుతలేనని అప్పుడనుకున్న. ఇప్పుడైతే గట్టిగ చెప్పలేను.

ఎనిమిదో నాడు పోలీసు అమీన్ వచ్చిండు. అందరు లేచి నిలబడ్డరు. ఆయన కూసోమని సైగ చేసి, తనూ చాప అంచున కూసుండి, ఆగిన కాడి నుంచి ఉర్దూల చెప్పుమన్నడు. నా నౌకరి సర్కారుది. పేజీలు దాటేద్దామనుకున్న గని, కథ ఎక్కడ ఆగిందో అందరికి ఎరుకే. దర్బారుల ఒకడు తలా తోకా లేని ప్రసంగం చేస్తే రాజుతో సహా అందరు తలలూపే ఘట్టం అది. ఉన్నదున్నట్టు చెప్పిన. అమీన్ కండ్ల నీళ్లొచ్చేటట్టు నవ్విండు. నవ్వు అయినంక పుస్తకం ఇయ్యమని చెయ్యి చాపిండు.

ఎక్కడి రాజో, ఎప్పటి రాజో, తప్పేమున్నదని అడిగిన.

"నవ్వు రాకుంటె నీ దగ్గరనే ఉండనిద్దును," అన్నడు.

పుస్తకం తీసుకపోయిండు. నెల దినాలు ఠాణా నుంచి పిలుపు కోసం ఎదురుచూసిన. రాలేదు.

పెద్దాయన మాత్రం, యాదున్నంత చెప్పుమని కబురు పంపిండు. నేను సగమే చదివిన. ఆ మాట చెప్పడానికి నామోషీ అయి మిగతాది సొంతంగ అల్లిన. నా కథల రాజును ఒక నేతగాడు మగ్గం గుంటల కూసోబెట్టి ఏడాది పని చేయించిండు. విన్నోళ్లకు అది మస్తు నచ్చింది.

రాజ్యం మారినంక అదే నవల మళ్ల దొరికింది. ఈసారి ఆఖరుదాక చదివిన. మగ్గం లేదు, నేతగాడు లేడు. పెద్దాయన దగ్గరికి పోయి జరిగింది ఒప్పుకున్న.

ఆయన నేసుకుంటనే ఉన్నడు, చేతిల నాడె ఆపలేదు. "నాకు అప్పుడే ఎరుకైంది. ఆ రాజు నూలుకు గంజి పెట్టుడు సుత మన తీరుగనే పెట్టిండు గద," అన్నడు.

కోపమున్నదా అని అడిగిన. లేదన్నడు. అమీన్ తీసుకపోయిన కాడి నుంచి అసలు కథ చదువుమన్నడు. ఆ దినం పొద్దూకినంక మళ్ల అందరం కూసున్నం.