కడిగి తెచ్చిన సీసా

నిన్న, బుధవారం, ఉదయం ఏడు గంటలకు రౌస్ హిల్‌లో మా పెరటి తలుపు తీయగానే ఎండుమట్టి వాసన ముక్కుకు కొట్టింది. రాత్రి గాలికి ఎడారి దుమ్ము ఇంతదూరం వచ్చి కారు మీద ఎర్రగా పరుచుకుంది. సలీం సార్ బతికుంటే నన్ను తుడవనిచ్చేవారు కాదు.

ఆయన హైదరాబాదు మనిషి. ఈ కంగారూల దేశపు ఎడారి దుమ్ము సముద్రం దాటి ఉష్ణదేశపు దీవులకు ఎంత చేరుతుందో కొలవడం ఆయన పని. ఆయన ల్యాబులో సీసాలు కడగడం నా పని. ఫిజీలో పుట్టాను, బడి మొహం చూడలేదు. నాకు యాభై దాటాక భోజనాల వేళ ఆయనే అక్షరాలు దిద్దించారు. “ఈ వయసులో నాకెందుకు సార్?” అని విసుక్కుంటే, “కనీసం నన్ను తిట్టుకుంట రాయొచ్చు కద అంకుల్” అన్నారు.

ఫిజీలో మా అక్క ఇంటికప్పు మీద ఆయన ఒక గాజుసీసా పెట్టించారు. ఆ ఏడు పెద్ద దుమ్ముగాలి లేచింది. సీసాలో ఆ దుమ్ము కనబడితే పని సాగుతుంది, లేకపోతే ఏడాది చివర మూసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. అక్క నన్నూ నా భార్యనూ చూడటానికి వస్తోందని తెలిసి, సీసాకు మూత బిగించి తెమ్మని, ఎయిర్‌పోర్టులో చూపడానికి సార్ అనుమతి కాగితం పంపారు.

అక్క వచ్చాక ఒక ఆదివారం మా వంటింట్లో సార్ ముందే సంచి విప్పింది. సీసా తళతళలాడుతోంది.

“మట్టి అట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులో ఊరుకోరంటగదా బాబూ! కొబ్బరిపీచెట్టి తోమేసాను.”

“కాయితం ఉంది గదే!” అని అరిచాను.

“ఉంటే? అందులో ఏటుందో నాకేటి తెలుసు?”

సార్ సీసా ఎత్తి వెలుగులో ఓసారి తిప్పి చూశారు. తర్వాత, “తప్పు నాది ఆంటీ. చదువురాని మనిషికి కాయితమిచ్చి ఊకున్న. నోటితోని చెప్పాల్సింది” అన్నారు.

నేను కిటికీ వైపు చూపించాను. “మా కిటికీ మీదా అదే దుమ్ముంది సార్. చిటికెడు వేసేద్దాం. ఎవడికి తెలుస్తుంది?”

“దాటిందా లేదా చూద్దామనే కద ఇదంతా. మనమే చేత్తోని దాటిస్తే ఇంకేం చూస్తం అంకుల్?”

పైవాళ్ళకు చీటీ నాచేతే రాయించారు: కడిగేశాం, తూచడానికి ఏమీ లేదు. అక్షరాలు వంకర పోయాయి. ఆయన అక్కను ఇంకో కప్పు టీ అడిగి తాగారు. ఏడాది చివర ఆ పని మూతపడింది. ఆ సీసా ఊసు ఆయన అక్క దగ్గర మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా అక్కడ మనవాళ్ళెవరైనా కాగితం పట్టుకుని దిక్కులు చూస్తుంటే పక్కన కూర్చుని చదివి చెబుతాను. నాకు అర్థం కాని ముక్క ఉంటే అర్థం కాలేదనే చెబుతాను. కల్పించి చెప్పను.

ఇదీ కల్పించింది కాదు: ఆ ఆదివారం ఆ వంటింట్లో ఉన్నది సలీం సార్, మా అక్క పోలమ్మ, నా భార్య సత్తెమ్మ, నేను అప్పన్న.