సైరన్‌కి పక్కకు జరిగిన పావు

బి.ఇ. ముగించాక నేను చేరిన ఉద్యోగం తిరువళ్ళూరులో. జిల్లా అత్యవసర వైద్య సమన్వయ మండలిలో సాంకేతిక సహాయకుణ్ణి. పేరు పొడుగే గాని పని చెప్పడం తేలిక. అంబులెన్సు ఏ ఊళ్ళో నిలిచి ఉండాలి, ఏ రైల్వే గేటు పడితే ఏ దారిన తిప్పాలి, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉంది, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి. వీటికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. డాక్టర్లు, పోలీసులు, ఫైర్ వాళ్ళు, పంచాయతీ వాళ్ళు నెలకోసారి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. గోడ మీద మ్యాపు వేసి చూపించేది నేను.

ఆ మ్యాపులో మా ఊరూ ఉంది. తిరుత్తణి దగ్గర నేతవాళ్ళ ఊరు, పెద్దాసుపత్రికి దూరం. కొత్తగా వచ్చిన అంబులెన్సుకు చోటు వెతికితే, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మధ్యన పడింది మా వీధి చివరి నీళ్ళ ట్యాంకు. సొంత ఊరు కదా అని నా లెక్క మీద నాకే అనుమానం వచ్చింది. ఇంకొకరి చేత వేయించాను. అదే వచ్చింది.

అడ్డం ఒకటే. ట్యాంకు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డుకు మా వీధిలోంచే పోవాలి, పొద్దున పూట మా వీధిలో పావు ఉంటుంది. పావు అంటే చీరకు పొడుగునా పోయే నూలు, తెలుగు పుస్తకాల్లో పడుగు అంటారు. దాన్ని నడివీధిలో రెండు కొయ్యల మధ్య బిగించి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. దువ్వేవాళ్ళు రెండు వైపులా నిలబడాలి కాబట్టి గోడవారన కట్టలేరు. ఆరకముందు బిగువు వదిలితే పోగులు అతుక్కుని పావంతా పాడవుతుంది.

మండలి అధ్యక్షురాలు ఒక డాక్టరమ్మ. పొద్దున పూట బండి బయటికి ఎట్లా వస్తుందని సూటిగా అడిగింది. రాలేకపోతే చోటు ఇంకో ఊరికి ఇస్తామంది. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. ఒక ఉదయం వచ్చి కళ్ళారా చూసి తేలుస్తానంది.

ఊరికి పోయి మా మేనమామకు చెప్పాను. వీధిలో పావు పని ఆయన మాట మీదే నడుస్తుంది. వారంలో కొన్ని రోజులే పావు వేయాలని నేనొక పట్టిక గీసుకుపోయాను. ఆ రోజుల్లో ఎండ రాకపోతే ఏం చేయాలని మామ అడిగాడు. పట్టిక మడిచి జేబులో పెట్టుకుని, టేపు తీశాను. ఇద్దరం వీధి వెడల్పు కొలిచాం. బిగువు వదలకుండా పావును మొత్తంగా పక్కకు జరపగలిగితే బండికి చోటుంది. రెండు చివర్లా తాడు విప్పి బలమైనవాళ్ళు పట్టుకుని వెనక్కి వాలాలి. మధ్యలో ఆనించిన కర్రల్ని మిగతావాళ్ళు పట్టుకుని అందరూ ఒకే అడుగున జరగాలి. నా ఫోనులో సైరన్ మోగించి సాధన చేశాం.

"నీకు జీతమిచ్చి పెట్టుకునింది మా చేత డాన్సు ఆడించేదానికేనా అబ్బోడా?" అంది మా అత్త, కర్ర వదలకుండానే.

డాక్టరమ్మ వచ్చిన ఉదయం పావు తడి మీద ఉంది. ఆమె మా అరుగు మీద నిలబడింది. పరీక్షకని ఆమె ట్యాంకు దగ్గర నిలిపించిన అంబులెన్సు నుంచి ఈసారి నిజం సైరన్ మోగింది. అందరి తలలూ అటు తిరిగాయి. మా వీధిలో అంబులెన్సు వినబడితే మొదట చూసేది అది ఎవరింటికా అనే. సాధనలో ఫోను కాబట్టి ఎవరూ చూడలేదు. ఇప్పుడు కర్రల మీద చేతులు అట్లే నిలిచిపోయాయి. బండి దగ్గరికొచ్చేసింది.

"ఎవురింటికో నేను సాయంత్రం చెప్తా," అన్నాడు మామ, గొంతు పెంచకుండా. "ఇప్పుడు కాలు ఎత్తండి."

ఎత్తారు. వీధి పొడుగునా పరుచుకున్న నూలు, ఒక్క పోగు వేలాడకుండా, ఎడమకు జరిగింది. చివర తాడు పట్టుకున్నవాళ్ళ మెడల మీద నరాలు తేలాయి. బండి అవతలి అరుగుల్ని రాసుకోకుండా సాగి మెయిన్ రోడ్డెక్కింది. పావు మళ్ళీ నడివీధికి వచ్చింది, తాళ్ళు కొయ్యలకు బిగిశాయి. నూలు చెడిపోయిందా అని డాక్టరమ్మ అడిగింది. చెయ్యి పెట్టి చూడమన్నాడు మామ. ఆమె వేళ్ళతో పోగుల్ని మెల్లగా విడదీసి చూసింది. విడివిడిగా వచ్చాయి.

తర్వాతి సమావేశంలో చోటు మా ఊరికే ఖాయమైంది. మ్యాపులో ప్రతి దారి పక్కనా దానికున్న అడ్డం రాస్తాం: తిరువాలంగాడు దగ్గర రైల్వే గేటు, తామరైపాక్కం వైపు వాన కాలంలో పొంగే నీళ్ళు. మా వీధి పక్కన పావు అని రాసి, దారి ఇస్తారు అని కలిపాను. అట్లా రాసిన దారి ఆ మ్యాపులో అదొక్కటే.

బండి మా ఊళ్ళో నిలవడానికి వచ్చిన మొదటి ఉదయం డ్రైవరన్న దాన్ని ట్యాంకు పక్కన నిలిపి, దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. మా అత్త కుంచె పట్టుకునే అతని దగ్గరికి నడిచింది.

"అన్నా, బండి కొంచెం ముందుకు పెట్టుకోరాదా? పావు మీద నీడ పడతా ఉంది."

అతను నవ్వి, మళ్ళీ ఎక్కి బండిని ముందుకు జరిపాడు.