పసుపు పూసల మధ్య కమ్మ

మా చిన్నప్పుడు... ఐతారం సెలవు వచ్చిందంటే చాలు, నేను రామంతాపూర్‌లో మా మేనమామ ఇంట్లో కంప్యూటర్ ముందు తేలేదాన్ని. మాది నాచారంలో కిరాయి ఇల్లు, నాన్నది ఫ్యాక్టరీ పని. మామ వాళ్లది సొంతిల్లు. బావ చదువు కోసం కొన్న కంప్యూటర్ మీద పూల గుడ్డ కప్పి ఉండేది... ఆ గుడ్డ తీసే అధికారం బావ ఒక్కడిదే.

నాకు పిచ్చి ఉన్న ఆట ఒక్కటే. వస్తువులు వెతికే ఆట. పాత బంగళాలో ఒక గది, దాని నిండా సామాను, కింద ఇంగ్లీషులో పేర్లు... గొడుగు, కత్తెర, తాళంచెవి, బాతు. కొన్ని పేర్లు నాకూ తెలియవు, బావకూ తెలియవు. తెలిసినవన్నీ ముందు ఏరేసి, ఆ గదిలో దేనికీ సంబంధం లేకుండా కనబడేదాని మీద నొక్కేవాళ్లం. తోచిన చోటల్లా నొక్కితే మాత్రం బాణం గుర్తు గిరగిరా తిరిగిపోయేది, కాసేపు మన మాట వినేది కాదు.

ఇప్పటి ఫోన్ ఆటలూ ఆడి చూశాను. రెండు గదులు చూడగానే ఆటలో ఇచ్చిన శక్తి అయిపోయిందంటాయి, ఇంకా ఆడాలంటే ప్రకటన చూడమంటాయి. అన్నీ తళతళ మెరుస్తుంటాయి, వెతకడానికి ఏముంది... పాత ఆటల్లో పసుపు గోడ మీద పసుపు గొడుగు గీసేవాళ్లు. రంగును వదిలేసి ఆకారాన్ని పట్టుకోవాలి. నా కళ్లకు అది బాగా అలవాటైంది. బావ కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే నేను నాలుగు వస్తువులు చూపించేదాన్ని.

ఒక ఐతారం అమ్మతో కలిసి వెళ్లేసరికి ఇల్లంతా తలకిందులుగా ఉంది. అత్తమ్మ బంగారు కమ్మల్లో ఒకటి వారం నుంచి కనబడడం లేదట. పరుపులు ఎత్తారు, బియ్యం డబ్బా కూడా బోర్లించారు. అమ్మ కొంగు దోపుకుని వెంటనే మంచం కింద దూరింది.

నేను గడపలోనే నిలబడ్డాను. ఎదురుగా టీవీ. దాని మీద అత్తమ్మ సొంతంగా అల్లిన కవరు, అంచు పొడుగునా పసుపు పూసలు. ఒకచోట రెండు పూసల మధ్య పూస కానిది ఒకటి వేలాడుతోంది...

“అత్తమ్మా, అగో,” అన్నాను.

ఎంత గర్వంగా అన్నానో. ఇప్పుడు అందరూ నన్ను మెచ్చుకుంటారని నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. అత్తమ్మ కమ్మ తీసుకుంది, చెవికి పెట్టుకుంది, నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లింది. అక్కడ మామతో గొంతు తగ్గించే మాట్లాడింది. కానీ అదెంత ఇల్లు... అందరికీ వినబడింది.

“వారం సంది ఇల్లంత ఎతికినం. గీ పిల్ల గడపల నిలబడి చూపెట్టింది. పోయిన ఐతారం గూడ ఈడనే ఉండె గద.”

నా కళ్ల సంగతి బావకు తెలుసు. ఆటలో అది ఇట్లనే చూస్తది అని ఒక్కమాట అంటే సరిపోయేది. వాడు తల తిప్పకుండా కంప్యూటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నా చెవులు కాలిపోయాయి. అమ్మ మంచం కింది నుంచి లేచి, చీర దులుపుకుని, ఇంట్లో పని ఉందని చెప్పి నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మ తలుపు దగ్గరికి వేసి అడిగింది... “నిజం చెప్పు బిడ్డా. తీసినవా?”

అత్తమ్మ మాట కంటే ఆ మాటకే నేను ఎక్కువ సిగ్గుపడ్డాను. ఆటలో పసుపు గోడ మీద పసుపు గొడుగు ఉంటుందమ్మా అని ఏడుస్తూ చెప్పాను. ఆ ఆట ఎప్పుడూ చూడని అమ్మకు అదేం అర్థమవుతుంది... ఇక అక్కడికి ఆడుకోవడానికి పోవద్దంది. నేను మళ్లీ పోలేదు.

ఇప్పుడు మేము బోడుప్పల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. అవే పాత ఆటలు లాప్‌టాప్‌లో పెట్టుకుని మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడతాను. వాటిలో నాకు బాగా నచ్చేదేమిటంటే... వస్తువు దొరికితే టింగ్ మంటుంది, అంతే. నీకెట్లా తెలిసిందని అడగదు. ఇంట్లో మాత్రం మా ఆయన బండి తాళాలు నాకు ముందే కనబడినా, రెండు చోట్ల ఉత్తుత్తిగా వెతికి గానీ చూపించను. అలవాటైపోయింది.

మొన్న ఎదురు ఫ్లాట్ వాళ్లు పసుపు కుంకుమకు పిలిచారు. పిండి కలపడానికి తీసిపెట్టిన ఉంగరం కనబడక ఆ ఇంటావిడ కంగారు పడిపోతోంది. నాకు కనిపించింది. బంతిపూల పళ్లెంలో, రేకుల మధ్య. పక్కనున్న మా పాప చూపు కూడా అక్కడే ఆగింది. నోరు తెరవబోయింది... నేను దాని చెయ్యి గట్టిగా నొక్కాను.

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే నేను సోఫా కింద వెతుకుతున్నట్టు నటించాను. చివరికి పూలు తియ్యబోతే ఆవిడకే దొరికింది.

మా ఇంట్లోకి వచ్చాక పాప తన చెయ్యి చూసుకుంటూ అడిగింది... “మమ్మీ, నేనేమన్న తప్పు చేసిన్నా?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఏ తప్పూ చెయ్యని పిల్లకు ఆనాటి నా భయాన్నే నేనూ అంటించాను. లేదు నాన్నా అని దాని చెయ్యి నిమిరాను. ఆ రోజుల్లో ఆ కంప్యూటర్ ముందు నేనూ బావా కూర్చుని, ఎవరు ముందు చూస్తే వాళ్ల వీపు చరిచేవాళ్లం... ఇప్పుడు చూసి కూడా చూడనట్టు ఉండడం నా పిల్లకు నేర్పుతున్నాను.

ఆ ఆటలు మీరూ ఆడారా... మీ ఇంట్లో ఏదైనా పోతే ముందు ఎవరికి కనబడేది? వాళ్లను ఏమనేవారు? “భలే చూసినవ్ బిడ్డా” అని ఎవరైనా అన్నారా... నేను ఆ మాట వినలేదు. మొన్న అనే అవకాశం వస్తే అనలేదు కూడా.