అడవిలో పడ్డదాని కోసం వచ్చినవాళ్లు

మతిమరుపు మొదలయ్యాక మా బాపుకు అడవి ఒక్కటే గుర్తుండిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఎండాకాలమంతా బీడీ ఆకు కోసిన మనిషి. ఆ వేసవిలో ఒకనాడు నేను బీడీలు చుడుతూ తలెత్తేసరికి తలుపు తీసి ఉంది, మంచం ఖాళీగా ఉంది. ఎల్లారెడ్డి బస్టాండు, మసీదు వెనక సందులు అన్నీ తిరిగాం. ఠాణాలో చెబితే రోడ్ల వెంట వెతికారు. అంత అడవి గాలించడానికి మాత్రం ఎవరి దగ్గరా మనుషులు లేరు. నేనూ మా తమ్ముడూ పిలిచి పిలిచి, గొంతులు పోయి వెనక్కి వచ్చాం.

మరునాడు పొద్దుగూకే వేళ వెండిలా మెరుస్తూ ఏదో ఆకాశం నుంచి మెల్లగా దిగి అడవిలో పడింది. ఊరంతా మిద్దెలెక్కి ఫోన్లలో తీసింది. వేరే గ్రహం నుంచి వచ్చిందన్నారు, పక్కదేశం పంపిందన్నారు. తెల్లారేసరికి కామారెడ్డి రోడ్డు మీంచి మిలిటరీ జీపులు వచ్చాయి. చూసినవాళ్లను బడికి పిలిచి, ఎటు నుంచి వచ్చింది, చప్పుడు చేసిందా అని ఒక్కొక్కరినే అడుగుతున్నారు. నేనూ వరుసలో నిలబడ్డాను.

అడిగే అధికారి కోస్తా వైపు మనిషి. "మీరేం చూశారమ్మా?"

"నేను చూడలే సార్. మా బాపు చూసిండు. అది పడ్డ కాడనే ఉన్నడు."

"అయితే ఆయన్ని పిలిపించండి."

"మొన్నటి సంది అడివిలనే ఉన్నడు సార్. ఆయనను దొర్కవట్టుండ్రి, మీకు అన్ని చెప్తడు."

ఆయన రాయడం ఆపి నా ముఖంలోకి చూశాడు. "చెప్పగలిగే స్థితిలో ఉన్నారా?"

నాకు ఏడుపు ఆగలేదు. "లేడు సార్. నన్నే గుర్తువట్టడు. మీ కాల్మొక్త, జర ఆయనను గూడ చూడుండ్రి."

ఆయన లేచి వెళ్లి డ్రోన్ నడిపే సిపాయితో హిందీలో ఏదో చెప్పాడు.

మధ్యాహ్నానికి వాళ్లు వెతికేది దొరికింది. వాతావరణం కొలవడానికి వదిలిన బెలూనట. చినిగి టేకుచెట్లకు చుట్టుకుని ఉంది. అయినా డ్రోన్ దించలేదు. సాయంత్రం ఎండిపోయిన వాగులో తెల్ల ధోతి కనిపించింది.

మేం వెళ్లేసరికి బాపు ఊపిరి ఉంది. అధికారి తన సీసాలోని నీళ్లతో పెదాలు తడిపి, "పెద్దాయనా, పైన ఏమైనా కనిపించిందా?" అని అడిగాడు.

"మబ్బువట్టింది. ఆకు కుప్పెయ్యుండ్రి," అన్నాడు బాపు.

కామారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు, ఎండకు కిడ్నీలు పోయాయన్నాడు. బాపు మళ్లీ కళ్లు తెరవలేదు.

దినాలయ్యాక ఆ అధికారి ఫోన్ చేసి పెద్దాయన ఎలా ఉన్నారని అడిగాడు. చెప్పాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను: "సార్, అది ఒక్కరోజు ముందు పడితే మీరు ఒక్కరోజు ముందే వచ్చేటోళ్లు గదా?"